ముప్పు పటాలను చదవడం ఎట్లా?
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత సంఘాలకు ఒక పాఠం

మేడ్చల్, శామీర్‌పేట పేర్లు పాల వ్యాన్ల రూట్లలోనే కాదు, భూకంప శాస్త్రజ్ఞుల జాబితాలలో కూడా ఉన్నాయి. 1983 జూన్ 30న ఈ రెండు ఊళ్ళ పరిసరాలు కేంద్రంగా భూమి కంపించింది. రిక్టరు కొలమానం మీద అది అయిదుకు లోపే. హైదరాబాదు నగరంలోనూ ఆ కదలిక తెలిసింది. శాస్త్రజ్ఞుల లెక్కలో అది పెద్ద భూకంపం కాదు. అయితే ఆనాడు అమలులో ఉన్న భూకంప మండలాల పటాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఒక విశేషం కనపడుతుంది. దేశాన్ని అయిదు మండలాలుగా విభజించిన ఆ పటంలో హైదరాబాదు, దాని చుట్టుపక్కల గ్రామాలు మొదటి మండలంలో, అంటే అన్నింటికన్న తక్కువ ప్రమాదం గల మండలంలో ఉండేవి.

పదేళ్ళు గడిచాయి. 1993 సెప్టెంబరు 30న, తెల్లవారుజామున నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కదిలింది. వినాయక నిమజ్జనం ముగించుకుని ఊళ్ళన్నీ ఆదమరచి నిద్రపోతున్న వేళ అది. దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ ప్రాంతం కూడా పటంలో మొదటి మండలమే. ఆ తర్వాత 2002లో భారతీయ ప్రమాణాల సంస్థ తన పటాన్ని సవరించి, మొదటి మండలాన్ని తీసివేసి రెండోదానిలో కలిపింది. మన ప్రాంతం ఆ విధంగా రెండో మండలంలోకి వచ్చింది. మన కాళ్ళ కింది రాయిలో మార్పేమీ లేదు. దానిని గురించి మనుషులకు తెలిసినది మారింది, పటంలో రంగు మారింది.

దీనిని బట్టి పటాలు పనికిరానివని అనుకోరాదు. ముప్పు పటం ఒక చోట తక్కువ ప్రమాదం అన్నదంటే, అక్కడ ఏమీ జరగదని భరోసా ఇచ్చినట్లు కాదు. నాటికి తెలిసిన సమాచారాన్ని బట్టి వేసిన అంచనా అది. పైగా దేశం మొత్తాన్ని ఒక కాగితం మీద చూపే పటంలో మన రెండు మండలాలు కలిసి ఆవగింజంత కూడా ఉండవు. ఆ ఆవగింజలో ఎవరి కొట్టం వాగులో ఉన్నదో, ఏ పాల కేంద్రం గోడ మట్టితో కట్టినదో ఢిల్లీలో వేసిన పటం చెప్పలేదు. ఆ భాగం సంఘాలే పూరించుకోవాలి. అందుకు కావలసిన పటాలు ఏవి, వాటిని ఎట్లా చదవాలి అన్నదే ఈ పాఠం.

సంఖ్య ఒకటి, తీవ్రత వేరు

ముందు భూకంపం సంగతే ముగిద్దాం. వార్తలలో చెప్పే రిక్టరు సంఖ్య ఒక భూకంపానికి ఒకటే ఉంటుంది. తీవ్రత మాత్రం ఊరూరికీ మారుతుంది. డప్పు మీద పడిన దెబ్బ ఒకటే. పక్కన నిలబడినవాడికి చెవులు గింగురుమంటాయి, పొలిమేర అవతలివాడికి లీలగా వినపడుతుంది. ఒకే తీవ్రత కనపడిన ఊళ్ళను కలుపుతూ గీతలు గీస్తే తీవ్రత పటం తయారవుతుంది. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహాభూకంపం తర్వాత భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ ఈ పని చేశాడు. ఎక్కడ ఏమి పడిపోయింది, ఏ కట్టడం ఎట్లా కూలింది, ఎంత దూరం వరకు జనానికి కదలిక తెలిసింది అన్న వివరాలు ఊళ్ళ నుంచి తెప్పించుకుని పటం మీదికి ఎక్కించాడు. యంత్రాలు అంతగా లేని రోజులలో సామాన్యులు చెప్పిన మాటలే ఆ పటానికి ఆధారం.

మన దేశంలో వాడుతూ వచ్చిన ఎమ్.ఎస్.కె. అనే తీవ్రత కొలమానంలో పాడి రైతుకు సంబంధించిన గుర్తు ఒకటున్నది. నిద్రలో ఉన్నవారు మేలుకోవడం, కొందరు బయటికి పరుగెత్తడం, పశువులు బెదరడం, ఇవి అయిదో తీవ్రతకు లక్షణాలు. కావున కొట్టంలో గేదె బెదిరిందన్న మాట కూడా శాస్త్రానికి పనికివచ్చే సమాచారమే. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు ఉదయం ఏడున్నర కావస్తున్నది. చాలా సంఘాలలో పాలు పోసే వేళ అది. హైదరాబాదు దాకా ఆ కదలిక తెలిసింది. ఇటువంటి సందర్భంలో ఏ వేళకు, ఏ ఊరిలో, ఏమి కదిలిందో కార్యదర్శి పాల పుస్తకం చివరి పేజీలో రాసిపెడితే అది మంచి రికార్డు అవుతుంది.

మన కింద ఉన్నది సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాయి. గట్టిదే కాని పగుళ్ళు లేనిది కాదు. 2020 అక్టోబరు వానల కాలంలో బోరబండలో భూమిలోంచి చప్పుళ్ళు, స్వల్ప ప్రకంపనలు వచ్చి జనం రోడ్ల మీదికి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగడం ఇటువంటి చిన్న కదలికలకు తోడ్పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. వీటికి భయపడనవసరం లేదు. భయపడవలసింది గోడలకు. కిల్లారిలో ప్రాణాలు తీసినవి మట్టితో పేర్చిన మందపు రాతి గోడలు, వాటి మీది బరువైన మట్టి మిద్దెలు. మన ఊళ్ళలోనూ పాత మిద్దెలు, మట్టిలో పేర్చిన రాతి కొట్టాలు ఇంకా ఉన్నాయి. భవన నిర్మాణ సామగ్రి, సాంకేతిక ప్రోత్సాహక మండలి 1997లో తొలిసారి వెలువరించి, 2006లోనూ 2019లోనూ సవరించిన దేశపు ముప్పు అట్లాసులో భూకంపం, గాలి, వరద పటాలతో పాటు ప్రతి జిల్లాలో ఏ రకం గోడలు, ఏ రకం కప్పులు ఎన్ని ఉన్నాయో పట్టికలు ఇచ్చినది ఇందుకే. భూమి ఎంత కదులుతుందన్నది సగం ప్రశ్న. ఆ కదిలే భూమి మీద ఏమి నిలబెట్టామన్నది మిగతా సగం.

నీలం గీతలు వెతికితే చాలదు

మన ప్రాంతంలో భూకంపం కన్న తరచుగా వచ్చేది నీటి ముప్పు. మాకు నది లేదు గదా, వరద ఎక్కడిది అని కొందరు సభ్యులు అడుగుతూ ఉంటారు. నిజమే. దక్షిణాన మూసీ పారి కృష్ణలో కలుస్తుంది, వాయవ్యాన మంజీర పారి గోదావరిలో కలుస్తుంది. ఈ రెండింటి నడుమ ఎత్తు నేల మనది. మనకున్నవి వాగులు, కుంటలు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. పై కట్ట తెగిందంటే కింది కట్టకు పరీక్ష వచ్చినట్లే.

దీనిని తెలుసుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటాలు అన్నింటికన్న ఉపయోగకరమైనవి. 1767లో ఏర్పడిన ఆ శాఖ పటాలు ఇప్పుడు వారి ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా దొరుకుతున్నాయి. పాత సంఖ్యల ప్రకారం మేడ్చల్ 56 కె/6 షీటులో ఉన్నది, శామీర్‌పేట పక్కనున్న 56 కె/10 షీటులో ఉన్నది. రెండింటినీ విడదీసేది 78 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం. మేడ్చల్ పట్టణం ఆ అంచుకు చాలా దగ్గర. అందువల్ల ఒక్క షీటు తెచ్చుకుంటే సగం వాగులు అంచు దగ్గర తెగిపోయి, నీరు ఎటు పోయిందో తెలియదు. రెండూ తెచ్చి జాగ్రత్తగా అతికించుకోవాలి.

ఈ పటాల మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గోధుమ రంగులో వంకర టింకరగా కనపడేవి సమోన్నత రేఖలు. ఒక రేఖ మీది చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. సాధారణంగా ఒక రేఖకూ తర్వాతి రేఖకూ ఇరవై మీటర్ల ఎత్తు తేడా. రెండు రేఖల నడుమ ఒక సెంటీమీటరు ఉన్నదంటే అయిదు వందల మీటర్ల దూరంలో ఇరవై మీటర్ల వాలు, అంటే ఇరవై అయిదుకు ఒకటి. రేఖలు దగ్గరగా ఉంటే నీరు ఉరుకుతుంది, దూరంగా ఉంటే నిలుస్తుంది. రేఖలన్నీ ఒకే చోట మడత పడి బాణం మొనలాగా ఎత్తు వైపు చూపుతుంటే అది వాగు పల్లం.

ఇప్పుడు అసలు విషయం. పటంలో నీరంటే నీలం రంగు అని అందరికీ తెలుసు. కాని సర్వే పటాలలో నీలం గీత ఏడాది పొడవునా పారే నీటికి గుర్తు. వానాకాలంలో పారి ఆ తర్వాత ఎండిపోయే వాగులను నలుపు రంగులో చూపుతారు. మన ప్రాంతంలో వాగులలో చాలా భాగం ఎండేవే గనుక నల్ల గీతలే ఎక్కువ. బండ్ల బాటలు, హద్దులు, అక్షరాల నడుమ అవి కలిసిపోయి కంటికి ఆనవు. నీలం కోసం వెతికినవారు ఊరికి నీటి గండం లేదని పటం మడిచి పెడతారు. మన ముప్పు వచ్చేది ఆ నల్ల గీతల వెంటనే. పటం చేతికి రాగానే ఈ నల్ల వాగులన్నింటినీ ఒక నీలం పెన్సిలుతో దిద్దుకోవడం మొదటి పని.

రెండో పని లెక్క. మీ ఊరి చెరువుకు పైనున్న గట్ల వెంట గీత గీస్తే ఆ చెరువులోకి నీరు వచ్చే పరీవాహక ప్రాంతం తేలుతుంది. దాని మీద గడుల ట్రేసింగ్ కాగితం పరచి గడులు లెక్కించండి. ఒక చదరపు సెంటీమీటరు నేల మీద పావు చదరపు కిలోమీటరు. పదహారు గడులు వచ్చాయనుకుందాం, అంటే నాలుగు చదరపు కిలోమీటర్లు. ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన పడి, సగం ఇంకి సగం పారితే చెరువులోకి వచ్చే నీరు రెండు లక్షల ఘనపు మీటర్లు, అంటే ఇరవై కోట్ల లీటర్లు. పదివేల లీటర్ల పాల టాంకర్లతో చెప్పాలంటే ఇరవై వేల టాంకర్లు. పైన పొలాలు పోయి సిమెంటు రోడ్లు, ఇళ్ళు వస్తే ఇంకేది తగ్గి పారేది పెరుగుతుంది. చెరువు మాత్రం పెరగదు.

పది సెంటీమీటర్లు మరీ ఎక్కువ వేశారని అనుకోవద్దు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనే ఘట్‌కేసర్ వద్ద ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లకు మించి కురిసింది. ఏడాది మొత్తంలో పడే వానలో మూడో వంతు పైన అది. ఆ నెలలోనే కొంపల్లి పక్కన ఫాక్స్‌సాగర్ చెరువు నిండి ఉమామహేశ్వర కాలనీ నీట మునిగింది. చెరువు ఎటు నిండుతుందో, ఎటు పొర్లుతుందో పటం చూస్తే తెలిసే విషయమే.

శిఖం భూమిలో కొట్టాలు

మన సంఘాలకు సంబంధించి మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తర్వాత భూముల ధరలు ఆకాశానికి అంటాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. పశువులు ఉన్న కుటుంబాలు ఊరి నడుమ నుంచి అంచులకు జరిగాయి. ఆ అంచున ఖాళీగా కనపడేది చెరువు శిఖం, కుంట గర్భం, వాగు ఒడ్డు. నాలుగేళ్ళు వానలు వెనకబడితే అది మంచి మెరక భూమి లాగానే ఉంటుంది, పైగా గడ్డి కూడా మొలుస్తుంది. ఆ చోటు నిండిన నాడు గుంజకు కట్టి ఉన్న గేదె ఈదలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మనుషులతో పాటు లెక్కలేనన్ని పశువులు కొట్టుకుపోయాయి. సముద్రం మనకు లేదు గాని, పలుపుతో కట్టిన పశువుకు మూడడుగుల వాగు నీరైనా చాలు.

ఇందుకు వాడవలసినది గ్రామ నక్షా. రెవెన్యూ వారి నక్షాలో చెరువు, కుంట, నాలా, బండ్ల బాట సర్వే నంబర్లతో సహా ఉంటాయి. సర్వే పటం మీద చుక్కంత కనపడే కుంట ఇందులో అరచేయంత ఉంటుంది. చెరువుల పూర్తి నీటి మట్టం హద్దును చూపే పటాలను హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ విడిగా తయారుచేసి ఆన్‌లైన్‌లో ఉంచింది. ఇక ఈనాటి ఇళ్ళు, రోడ్లు తెలియాలంటే ఇస్రో వారు 2009లో ప్రారంభించిన భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. నక్షాలో కుంట ఉండి, ఉపగ్రహ చిత్రంలో అక్కడ కప్పులు కనపడ్డాయంటే ఆ చోటికి వెళ్ళి చూడవలసినదే. పాత పటంలో లేని రోడ్డు కొత్త చిత్రంలో వాగుకు అడ్డంగా ఉంటే, కింద తూము ఎంత వెడల్పు ఉన్నదో కొలవాలి. ఎత్తుగా పోసిన రోడ్డు చాలా చోట్ల తెలియకుండానే చెరువు కట్ట పని చేస్తుంది.

నక్షా మీద పూర్తి నీటి మట్టం గీత గీయడం కొందరికి ఇష్టం ఉండదు. గీత పడితే భూమి ధర పడుతుందని భయం. ఇది మేము వినని మాట కాదు. అయితే సంఘం గీసుకునే పటం రిజిస్ట్రేషను కాగితం కాదు, ఎవరి హక్కునూ అది తీయదు, ఇవ్వదు. పశువులను ఏ రాత్రి విప్పాలో తెలుసుకోవడానికి గీసుకునేది. ఈ సంగతి పాలకవర్గ సమావేశంలో ముందే స్పష్టంగా చెప్పి, తీర్మానం రాసుకుని పని మొదలుపెడితే తగవులు రావు.

సంఘం పటం

నక్షా మీద ట్రేసింగ్ కాగితం పరచి సభ్యుల కొట్టాలను ఒక్కొక్క చుక్కగా పెట్టండి. చుక్క పక్కన ఎన్ని పశువులో, గోడ మట్టిదో సిమెంటుదో రాయండి. రెండో కాగితం మీద వాగులు, మత్తడి నీరు పోయే దారి, పూర్తి నీటి మట్టం. మూడో దాని మీద పాల కేంద్రం, శీతలీకరణ యూనిట్, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, గడ్డివాములు, దాణా గది, వ్యాను వచ్చే దారి. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరచి వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. వేరు వేరుగా చూసినప్పుడు తోచనివి అప్పుడు బయటపడతాయి. కొట్టాలన్నీ మెరక మీదే ఉండవచ్చు, కాని ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే పల్లంలో ఉండవచ్చు. అది మునిగితే కూలరు ఆగుతుంది. పితికిన పాలు మూడు నాలుగు గంటలలోపు నాలుగు డిగ్రీలకు చల్లబడకపోతే విరిగిపోతాయి. అంటే ఊరిలో ఒక్క కొట్టమూ మునగకుండానే ఊరందరి పాలూ పారబోయవలసి వస్తుంది. వ్యాను దారి కూడా అంతే. కేంద్రం నుంచి పెద్ద రోడ్డు దాకా వ్యాను ఎన్ని వాగులు దాటుతున్నదో వేలు పెట్టి లెక్కించండి. ఒక్కటైనా లోతట్టు వంతెన ఉంటే, దూరమైనా సరే రెండో దారిని అదే పటంలో ఇంకో రంగుతో గీసి ఉంచాలి.

మత్తడి దారి విషయంలో కాగితాన్ని మాత్రమే నమ్మవద్దు. పాత చెరువు చివరిసారి ఎప్పుడు దూకింది, నీరు ఎవరి చేను మీదుగా పోయింది అన్నది ఊరి పెద్దలను అడగాలి. ముఖ్యంగా పాలు పోయడానికి వచ్చే పెద్దవయసు ఆడవారిని అడగండి. నీళ్ళకూ గడ్డికీ ఆ వాగుల వెంట నడిచినవారు వారే. మూడు నోళ్ళలో ఒకే మాట వస్తే గట్టి గీత, ఒకరే చెబితే చుక్కల గీత వేసుకోవచ్చు.

కరువుకు, పిడుగులకు కూడా ఈ పటమే పనికి వస్తుంది. వేసవిలో ఎండని బోర్లు, గడ్డి దొరికే మడులు పచ్చ రంగులో గుర్తించండి. మేత బీడులో ఒంటరిగా నిలిచిన ఎత్తయిన చెట్ల చుట్టూ సున్నా చుట్టండి, ఉరుములు వినపడితే పశువులను వాటి కింద ఉంచరాదు. రోజువారీ వాన లెక్కలు రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ మండలాలలో నెలకొల్పిన స్వయంచాలక కేంద్రాల నుంచి తెలుస్తాయి. వాటిని చూసి, ఎన్ని సెంటీమీటర్ల వానకు మీ వాగు రోడ్డెక్కిందో ఏటేటా పటం అంచున రాస్తూ పోతే, నాలుగైదు వానాకాలాలకు మీ ఊరికి సరిపడే హెచ్చరిక మట్టం దానంతట అదే తేలుతుంది.

పటం మీద తయారుచేసిన తేదీ తప్పక వేయాలి. తేదీ లేని పటం పాతదో కొత్తదో తెలియక నష్టం చేస్తుంది. మృగశిర కార్తెకు ముందు ఒకసారి ఊరంతా తిరిగి సరిచూడడం మంచిది. అసలు ప్రతి పాల కేంద్రంలో వెన్న శాతం పట్టిక పక్కన గోడకు ఉండాలి. నకళ్ళు మూడు తీయించి, ఒకటి గ్రామ పంచాయతీ లేదా పురపాలక కార్యాలయానికి, ఒకటి పశువైద్యశాలకు, ఒకటి పాల వ్యాను డ్రైవరుకు ఇవ్వండి. రాత్రి వానలో మొట్టమొదట వాగు ఒడ్డున ఆగి, దాటాలా వద్దా అని ఆలోచించవలసి వచ్చేది అతడే గనుక, అతని నకలుకు ప్లాస్టిక్ తొడుగు వేయించడం మరవవద్దు.